ఒకే గట్టు, రెండు చేలు: దోమపోటు మీద ఒక కేస్ స్టడీ

అక్టోబరు మొదటి వారంలో ఒక పొద్దున, ఇంకా టీ కూడా తాగకముందే ఫోను. "కొట్టిన మూడో రోజుకి మొత్తం పోయిందనుకున్నానండి. ఇవాళ చూస్తే మళ్ళీ చేనంతా దోమేనండి. మందు నకిలీదంటారా?"

మందు నకిలీది కాదు. ఆ సంగతి ఆయన కంటే ముందు నాకే తట్టాలి. ఎందుకంటే ఆ చేనుకి మొదటి మందు చెప్పింది నేనే.

నేను పదిహేనేళ్ళుగా పశ్చిమ గోదావరి డెల్టాలో వరి రైతులకి సస్యరక్షణ సలహాలిస్తున్నాను. దోమపోటు కేసులు ఏటా చూస్తాను. వాటిలో దీన్నే రాయడానికి కారణం, గట్టుకి అటు ఒకటి ఇటు ఒకటిగా ఉన్న రెండు చేలల్లో ఒకే పురుగు, ఒకే వారంలో, రెండు రకాలుగా నడవడం. చాలామంది రైతులు, నిజం చెప్పాలంటే మాలో కూడా చాలామంది, "దోమ ఎందుకు పెరిగింది?" అని అడుగుతారు. ఆ రోజు రెండు చేలూ లెక్కపెట్టాక నాకు వచ్చిన ప్రశ్న వేరు. పక్క చేలో ఇది ఎందుకు పెరగలేదు?

డెల్టా బయట చదివేవాళ్ళకి ఒక మాట. ఇది మనుషుల్ని కుట్టే దోమ కాదు. వరి దుబ్బు మొదట్లో, నీటికి జానెడు పైన, కాండాన్ని పట్టుకుని రసం పీల్చే గోధుమరంగు పురుగు. బియ్యపు గింజంత ఉంటుంది. ఎక్కువైతే చేను గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది, అందుకే సుడిదోమ అంటారు. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. వంగి, దుబ్బు విడదీసి చూసినవాడికే కనపడుతుంది.

చేను చరిత్ర

మొదటి చేను ఫోను చేసిన రైతుది. ఆరెకరాలు, కౌలుది. ఆగస్టు 1న ఊడ్పులు. స్వర్ణ, అంటే మార్టేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ 7029. దిగుబడిలో దీనికి వంక పెట్టలేం, దోమకి మాత్రం ఇది విందు భోజనం. చేలో గాలి ఆడటానికి వదిలే బాటలు తీయలేదు. "రెండు మీటర్లకో అడుగు వదిలితే కౌలు ఎవరు కడతారండి" అన్నాడు. నిజానికి వదలాల్సింది అడుగు కాదు, 20 సెంటీమీటర్లు. కానీ కౌలు రైతుకి ఆ జానెడు కూడా కనపడుతుంది.

ఊడ్చిన 25వ రోజున గుళికల మందు వేశాడు. పురుగు ఉండి కాదు, అందరూ వేస్తున్నారని. 45వ రోజున ఆకుముడత పురుగు కనిపించి నాకు ఫోటోలు పంపాడు. ముడతలున్న ఆకులు కొన్నే. నేను చేనుకి వెళ్ళలేదు. ఆ రోజు వేరే మండలంలో ఉన్నాను. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన మందు కొట్టమని ఫోన్లోనే చెప్పాను. ఆ దశలో అన్ని ముడతల్ని వరి తనంతట తానే తట్టుకుంటుందని నాకు తెలుసు. చేను మీదుగా తాడు లాగించి పురుగుల్ని నీళ్ళలో రాల్చినా సరిపోయేది. రైతు టెన్షన్ పడుతున్నాడని ఏదో ఒకటి చెప్పేశాను.

55వ రోజున దుబ్బుల్లో దోమ కనపడింది. ఈసారి నాకు చెప్పకుండా కొట్టు దగ్గరికెళ్ళి సైపర్‌మెత్రిన్ జాతిదే ఇంకో సింథటిక్ పైరిత్రాయిడ్ మందు తెచ్చి కొట్టాడు. నీళ్ళ మీద చచ్చిన దోమ తేలింది. సంతోషంగా ఇంటికెళ్ళాడు. 64వ రోజున నాకు ఫోను.

పక్క చేను మూడెకరాలు. అదే స్వర్ణ, రెండు రోజుల ముందు ఊడ్చినది. దాని యజమానికి కువైట్ నుంచి కొడుకు పంపే డబ్బు ఆ ఏడు ఆలస్యమైంది. గుళికలు వేయలేదు. ఆకుముడత ఆయన చేలోనూ వచ్చింది, ఏమీ కొట్టలేదు. యూరియా కూడా ఎకరానికి ఒక కట్ట తక్కువ వేశాడు. ఇది శాస్త్రవేత్త పెట్టిన ప్రయోగం కాదు. యూరియా తేడా ఒక్కటే దోమలో కొంత తేడా తెస్తుంది. నత్రజని ఎక్కువైన మొక్క రసం తాగిన ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. అందుకని కింద చెప్పే లెక్కల్లో తేడా మొత్తాన్నీ మందుల మీదకి నెట్టడం లేదు.

లెక్కపెట్టిన పద్ధతి

చేనుకి అడ్డంగా ఐమూలగా నడుస్తూ 20 దుబ్బులు. ఒక్కో దుబ్బునీ ఎడమచేత్తో కొంచెం వంచి, కుడి అరచేత్తో మూడుసార్లు తట్టాలి. దోమ నీటి మీద పడుతుంది. పడ్డది ఊరుకోదు, నీటి మీద అడ్డంగా గెంతుకుంటూ మళ్ళీ దుబ్బెక్కేస్తుంది, అందుకని ఊపిరి బిగబట్టి గబగబా లెక్కపెట్టాలి. రెక్కలొచ్చినవి వేరు, పిల్లలు వేరు. తర్వాత దుబ్బు విడదీసి, దోమని తినే సాలీళ్ళు, ఆకుపచ్చ మిరిడ్ నల్లుల లెక్క. మిరిడ్ నల్లి సన్నగా ఉంటుంది, క్షణం నిలబడదు.

మొదటి చేలో దుబ్బుకి సగటున 38 దోమలు. నాలుగింట మూడు వంతులు ఆవగింజంత పిల్లలు, తెల్లగా ఉన్నాయి. పొదిగి రెండు మూడు రోజులు కూడా అయ్యుండదు. 20 దుబ్బులకి కలిపి దొరికిన సాలీడు ఒక్కటి. మిరిడ్ ఒక్కటీ లేదు. కాళ్ళకి, చేతులకి దోమ వదిలే జిగురు అంటుకుంది. కింది ఆకుల మీద మసి పట్టింది. చేనులో రెండు చోట్ల మంచమంత మేర పసుపు తిరిగింది.

గట్టు దాటాను. పక్క చేలో దుబ్బుకి 6 దోమలు. సాలీడు దాదాపు దుబ్బుకొకటి. మిరిడ్ నల్లులు దుబ్బుకి మూడు నాలుగు. నీటి మీద చిన్న చిన్న నీటి నల్లులు, కింద పడ్డ దోమపిల్ల మీదికి నాలుగైదు ఒక్కసారిగా ఎగబడుతున్నాయి.

ఈ దశకి దుబ్బుకి 20 నుంచి 25 దాటితే మందు కొట్టాలని మా సిఫారసు. 38 అంటే దాటేసింది. కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది 38 కాదు, ఆ ఒక్క సాలీడు.

నూటికి తొంభైతొమ్మిది

ఫోను చేసిన రైతు గట్టు మీద కూర్చుంటే, యూరియా సంచి వెనక రాసి చూపించిన లెక్క ఇది.

ఆడదోమ ఒకటి బతికినన్నాళ్ళూ 200 గుడ్లు పెడుతుందనుకుందాం, అనుకూలిస్తే ఇంకా ఎక్కువే పెడుతుంది. గుడ్డు నుంచి గుడ్డు దాకా ఒక తరానికి మా వేడిలో నెల కూడా పట్టదు. ఆ 200లో సగం ఆడవి. అన్నీ బతికితే ఒక్క ఆడదోమ తరానికి వంద, రెండు తరాలకి పది వేలు, మూడు తరాలకి పది లక్షలు. ఒక్క సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, మూడు తరాలు ఇట్టే గడిచిపోతాయి. అయినా ప్రతి ఏడూ ప్రతి చేనూ ఎండిపోవడం లేదు. ఎందుకని?

పక్క చేలో లాగా దోమ పెరగకుండా, తరగకుండా ఉండాలంటే ఆ 200లో రెండు మాత్రమే బతికి మళ్ళీ గుడ్లు పెట్టే వయసుకి రావాలి. అంటే నూటికి 99 చావాలి. అదేమంత గొప్ప కాదు, ప్రకృతిలో మామూలుగా జరిగేదే. ఇప్పుడు ఆ 99ని 95 చేయండి. చూడ్డానికి తేడా నాలుగే. కానీ 200లో 10 బతుకుతాయి. తరానికి ఐదింతలు. మూడు తరాలకి 125 రెట్లు.

"నూటికి తొంభై ఐదు చస్తున్నా పెరుగుతుందాండీ?" అన్నాడు.

పెరుగుతుంది. ఇక్కడే మన కంటికి మోసం. 55వ రోజు మందు నూటికి తొంభై దోమల్ని చంపే ఉంటుంది. నీటి మీద తేలినవి అబద్ధం కాదు. కానీ గుడ్లు కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగు లోపల, మొక్క కణజాలంలో దాగి ఉంటాయి. మందు అక్కడికి పోదు. ఏడు నుంచి తొమ్మిది రోజుల్లో అవి పొదుగుతాయి. 55కి తొమ్మిది కలిపితే 64. ఫోనొచ్చిన రోజు. గుడ్ల మీద, పిల్లల మీద పడి తినే మిరిడ్ నల్లి, దుబ్బు మొదట్లో కాచుకునే తోడేలు సాలీడు మాత్రం ఆ రెండు మందులకీ బయటే దొరికిపోయాయి. ఆ పిల్లలు పుట్టింది కాపలా లేని చేలో.

దీనికి తోడు, కొన్ని పైరిత్రాయిడ్లు చావని మోతాదులో తగిలినప్పుడు ఆడదోమ గుడ్లు పెట్టడం ఎక్కువవుతుందని 1980 నాటికే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో తేల్చారు. అదే ఫిలిప్పీన్స్ చేలల్లో పీటర్ కెన్మోర్ 1970ల చివర్లో చేసిన పని కూడా ఇటువంటిదే. మందు కొట్టని చేలో సాలీళ్ళు, నల్లులు దోమని అణచి ఉంచుతున్నాయని, కొట్టిన చేలో అది పైకి లేస్తోందని ఆయన చూపించాడు. ఈ విషయం మేము కాలేజీలో చదివాం, పరీక్షలో రాశాం. 45వ రోజు ఫోనెత్తినప్పుడు గుర్తు రాలేదు.

ఇంకో లెక్క కూడా అదే సంచి మీద రాశాను. చదరపు మీటరుకి 33 దుబ్బులంటే ఎకరానికి సుమారు 1,33,000. పక్క చేలో దుబ్బుకి 6 చొప్పున ఎకరానికి 8 లక్షల దోమ, 1,33,000 సాలీళ్ళు. తోడేలు సాలీడు రోజుకి 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. తక్కువలో తక్కువ ఐదేసుకున్నా రోజుకి ఆరున్నర లక్షలు తినే శక్తి ఆ చేలో ఉంది. మొదటి చేలో దోమ 50 లక్షలు. సాలీళ్ళు ఆరేడు వేలు. ఒక్కోటి 15 తిన్నా రోజుకి లక్ష. 50 లక్షల్లో లక్ష. సాలీడు కడుపు కంటే ఎక్కువ తినలేదు, దాని తరం మారడానికి నెలలు పడుతుంది. దోమకి ఒక్క నెల చాలు. ఒకసారి ఇంత ఎడం వచ్చాక సాలీళ్ళు మళ్ళీ అందుకుంటాయని కూర్చోవడం కుదరదు.

పైకప్పు ఎక్కడ?

పాఠ్యపుస్తకాల్లో జనాభా పెరుగుదలకి ఒక ఎస్ ఆకారపు గీత గీస్తారు. బెల్జియం గణిత శాస్త్రవేత్త వెర్హూల్స్ట్ 1838లో ఇచ్చిన సమీకరణం. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, చివరికి తిండి, చోటు సరిపోక పైకప్పు తగిలి ఆగుతుంది. సీసాలో ఈస్టుకి ఇది బాగానే సరిపోతుంది. వరి చేలో దోమకి మాత్రం ఆ గీత ఒక్కటే చూపిస్తే రైతుకి అన్యాయం చేసినట్టే. ఇక్కడ తిండి అనే పైకప్పు అంటే వరి మొక్కే. దోమ ఆ పైకప్పు తగిలిన రోజున మన పంట లేదు. అందుకే మనం బతికేది కింద ఉన్న ఇంకో కప్పు మీద. అది సాలీళ్ళూ, నల్లులూ, గుడ్లని తొలిచే కందిరీగలూ కలిసి కట్టిన కప్పు. పక్క చేలో ఉన్న 6 అదే.

పై కప్పు దగ్గర ఏం జరుగుతుందో ఆ పసుపు తిరిగిన మంచమంత చోట చూశాను. అక్కడ దుబ్బు తడితే లెక్కపెట్టలేం, నీరు కనపడదు. ఆ గుంపులో పెద్ద దోమల్లో సగానికి పైగా పొడవు రెక్కలవి. పక్కన పచ్చగా ఉన్న దుబ్బుల్లో ఎక్కువగా పొట్టి రెక్కలవి. దోమలో ఇది చాలా తెలివైన ఏర్పాటు. తిండి బాగుండి చోటు ఉన్నంతకాలం ఆడదానికి పొట్టి రెక్కలే, ఎగరలేదు, ఆ శక్తంతా గుడ్లకి పెడుతుంది. కిక్కిరిసిపోయి మొక్క వాడడం మొదలైతే తర్వాత పెరిగే పిల్లలకి పొడవు రెక్కలొస్తాయి. అవి లేచి పోతాయి. ఈ రెక్కలతోనే గాలివాటాన సముద్రం దాటి ఏటా జపాన్ చేరతాయి. అక్కడి చలికి బతకవు, మరుసటి ఏడు మళ్ళీ కొత్తవి వస్తాయి. మన చేలో పొడవు రెక్కలు కనపడ్డాయంటే ఆ చోటు అయిపోయిందని దోమే చెబుతున్నట్టు.

చేసిన పని

ముందు నీరు తీయించాను. దుబ్బు మొదలు ఆరితే దోమకి నచ్చదు, మందు కూడా అక్కడికి చేరుతుంది. చిరుపొట్టకి వేద్దామని తెచ్చి ఉంచిన యూరియాని ఆపించాను. దీనికే ఎక్కువ గొడవపడ్డాడు, "గింజ బరువు పడిపోద్దండి" అని. తర్వాత నలుగురు మనుషుల్ని పెట్టి ప్రతి రెండు మీటర్లకి దుబ్బుల్ని పక్కకి వంచి పాయలు తీయించాం. బాటలు వదిలి ఉంటే ఈ కూలి ఖర్చు ఉండేది కాదు, ఆ మాట ఆయనే అన్నాడు.

మందు పైమెట్రోజిన్, లీటరు నీటికి 0.6 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, నాజిల్ దుబ్బు మొదటికి పెట్టి. ఇది సాలీళ్ళకి పెద్దగా హాని చేయదు. దోమ నోరు కట్టేస్తుంది, రసం పీల్చలేక పస్తుండి చస్తుంది. అందుకే చావడానికి రోజులు పడుతుంది. రైతుకి ముందే చెప్పకపోతే రెండో రోజే ఇంకో మందు కొట్టేస్తాడు. చెప్పాను, అయినా మూడో రోజు ఫోను. "తిరుగుతానే ఉన్నాయండి." తిరగనివ్వండి, తాగుతున్నాయా చూడండి, కొత్తగా జిగురు పడుతోందా చూడండి అన్నాను. నాలుగో రోజు దుబ్బుకి 31. ఆ రోజు నాక్కూడా కొంచెం భయం వేసింది. ఎనిమిదో రోజు 9. పదిహేనో రోజు 11, సాలీళ్ళు ఐదు దుబ్బులకి ఒకటి. పక్క గట్టు మీద గడ్డి కొయ్యొద్దని చెప్పి ఉంచాను, అవి అటునుంచే వచ్చాయనుకుంటున్నాను.

ముప్పై సెంట్లు సుడులుగా పోయింది. మిగతాది కోశాడు. ఎకరానికి 27 బస్తాలు. పక్క చేలో 33. మందులకి, పాయలకి పెట్టిన ఖర్చు వేరే.

పక్క చేను కూడా పూర్తిగా ప్రశాంతంగా లేదు. మన చేలోంచి లేచిన పొడవు రెక్కలవి అక్కడ కూడా వాలాయి. 75వ రోజుకి దుబ్బుకి 14 అయింది. ఆయన భయపడి వచ్చి అడిగాడు. వారం ఆగమన్నాను, రోజు విడిచి రోజు వెళ్ళి చూశాను. మిరిడ్ నల్లి ఆ వారంలో రెట్టింపయింది. దోమ 9కి దిగి పంట పండేదాకా అక్కడే తచ్చాడింది. ఆగమనడం సులువు కాదు, 25 దాటితే నష్టం ఆయనది, మాట నాది.

నా తప్పు ఎక్కడ

45వ రోజు మందు. అంతకంటే ముందు 25వ రోజు గుళికల సంగతి నేను అడగనేలేదు. ఊడ్చిన కొత్తలో చేలో దోమ ఉండదు. మరి సాలీళ్ళు ఏం తిని బతుకుతాయి? పశువుల పెంట, పాత దుబ్బులు కుళ్ళుతున్న బురద నీటిలో సన్నని ఈగల్లాంటివి కోట్లలో పుడతాయి. వరికి హాని చెయ్యవు. సాలీళ్ళు, నీటి నల్లులు మొదటి నెల వాటి మీదే పెరుగుతాయి. దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. 1990లలో ఇండోనేషియాలోని జావా చేలల్లో ఈ సంగతి బాగా నమోదైంది. మొదటి నలభై రోజుల్లో వేసే ఏ మందైనా ముందు ఆ మేతని, ఆ కాపలాని కొడుతుంది.

జావా పేరు ఊరికే రాలేదు. ఇండోనేషియా 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. పురుగుమందుల మీద అప్పట్లో 80 శాతం దాకా సబ్సిడీ ఉండేది. 1985, 86లో జావాలో దోమ విరుచుకుపడింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఆదేశంతో 57 మందుల్ని వరిలో నిషేధించాడు, 1989కల్లా సబ్సిడీ తీసేశారు. దిగుబడి పడిపోతుందన్నవాళ్ళు చాలామంది. పడిపోలేదు.

మందు కాకపోతే విత్తనం అంటారు. దోమ తట్టుకునే రకాలు మనకీ ఉన్నాయి, మార్టేరు ఇంద్ర, అమర రెండూ అలాంటివే. మంచివే. కానీ 1973లో వచ్చిన ఐఆర్ 26 అనే వరి రకం దోమని తట్టుకుంటుందని లక్షల ఎకరాల్లో వేస్తే, రెండు మూడేళ్ళకే దాని మీద బతకగల దోమ వచ్చేసింది. తరానికి నెల పట్టని పురుగుకి మూడేళ్ళంటే చాలా తరాలు. కాపలా లేని చేలో రకం ఒక్కటే ఎంతకాలం ఆపుతుందని నా అనుమానం.

మరుసటి సార్వాకి మొదటి చేను రైతు నాలుగెకరాల్లో అమర, రెండెకరాల్లో స్వర్ణ పెట్టాడు. బాటలు తీశాడు, 20 సెంటీమీటర్లే, టేపు పెట్టి కొలిచి. గుళికలు వేయలేదు. 43వ రోజు ఆకుముడత ఫోటో పంపితే ఈసారి బండి తీసుకుని చేనుకి వెళ్ళాను, ఇద్దరం చెరో కొస పట్టుకుని తాడు లాగాం. 60వ రోజున స్వర్ణ చేలోంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: "20 దుబ్బులు. దోమ 71. సాలీడు 17. పచ్చనల్లి లెక్క తేలలేదండి, పరిగెడుతున్నాయి."